తాళం వేసి చేసిన ఉపవాసం

నా పేరు పంకజవల్లి. జ్ఞానస్నానం ఇచ్చినప్పుడు ఎలిజబెత్ అని ఇంకో పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవరు, పిలిచినా నేను తిరిగి చూడను. ఊరంతా పాస్టరమ్మ అంటారు. మా ఆయన జీవా, పాస్టర్. తమిళనాడులో పెరియకుళం దాటి కొండవైపు వెళ్తే మామిడి తోటల మధ్య మా కాలనీ వస్తుంది. అందులో ఒక చిన్న చర్చి, చర్చి వెనక గోడకి ఆనుకుని మా ఇల్లు. ఇల్లు అంటున్నాను గానీ అందులో సగం మోటారు సామాన్లే.

ఎందుకంటే మా ఆయన పాస్టర్ కాకముందు దురైసామి నాయుడుగారి తోటల్లో బోరు మోటార్లు బాగుచేసేవాడు. తర్వాత దేవుడు పిలిచాడని పరిచర్యలోకి వచ్చాడు. దేవుడు ఆ ఒక్కసారి పిలిచి ఊరుకున్నాడు, అప్పటినుంచి మిగతా అందరూ పిలుస్తూనే ఉన్నారు. మోటారు ఆగితే పాస్టర్. రేషన్ షాపు మిషన్లో వేలిముద్ర పడకపోతే పాస్టర్. మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే పాస్టర్, కలిసిపోయి సినిమాకి వెళ్తే వాళ్ళ మేకని కట్టెయ్యడానికి పాస్టర్. ఆదివారం ప్రసంగం మాత్రం ఆయన శనివారం పొద్దుపోయాక, చేతికి గ్రీజుతో, బైబిల్ పేజీలకి ఆ గ్రీజు పూస్తూ తయారుచేసుకుంటాడు. నాకు ఒళ్ళు మండేది. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మా కాలనీలో అందరిదీ ఇంటి భాష తెలుగే. ముత్తాతలు ఎప్పుడు ఇక్కడికి వచ్చారో ఎవరికీ గుర్తులేదు, మాట మాత్రం మిగిలింది. తిట్టుకునేది తెలుగు, చేపల బేరం తెలుగు, పిల్లల్ని నిద్రపుచ్చేది తెలుగు. ప్రార్థన మాత్రం తమిళం. చదివేది తమిళ బైబిల్, పాడేది తమిళ పాట. అదీ మామూలు తమిళం కాదు, బస్సులో మాట్లాడితే కండక్టర్ లేచి దండం పెట్టే తమిళం. ఇలా చెయ్యమని మాకు ఎవరూ చెప్పలేదు. దేవుడి ముందుకు ఇంటి మాటతో వెళ్ళడమంటే నైటీ వేసుకుని కలెక్టరాఫీసుకి వెళ్ళినట్టని మాకు మేమే అనుకున్నాం. ఒకసారి జపం మధ్యలో మోకాలి కింద గండుచీమ కుట్టి "చచ్చితిరా నాయనా" అన్నాను. చర్చి అంతా కళ్ళు తెరిచి నన్ను చూసింది. చచ్చానన్నందుకు కాదు, తెలుగులో అన్నందుకు. ఆ వారమంతా నేను తల ఎత్తుకుని తిరగలేదు.

మా ఆయన ప్రార్థన కూడా అంతే. పీఠం దగ్గర నిలబడితే గొంతు మారిపోతుంది, ఎవరో అద్దెకిచ్చిన గొంతులా ఉంటుంది. కానీ మోటారు దగ్గర వేరే మనిషి. పక్కన గొంతుక్కూర్చుని, దాని మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా మాట్లాడతాడు. "ఏమే తల్లీ, ఏమాయె నీకి? నిన్న బాగనే ఉంటివి గదా. యాడ నొప్పి, చెప్పు. నేనుండా గదా." పెళ్ళైన కొత్తలో నాకు ఆ మోటార్ల మీద ఈర్ష్యగా ఉండేది. నాతో ఒక్కనాడూ అంత మెత్తగా మాట్లాడలేదు మరి.

ఇక అసలు విషయానికి వస్తాను. మా చర్చిలన్నిటికీ పెద్ద తమిళ్‌సెల్వన్ అన్న. కోయంబత్తూరు అవతల కినత్తుకడవులో పుట్టినవాడు. ఆయన ఇంట్లోనూ తెలుగేనని విన్నాం గానీ ఆయన నోట ఒక్క తెలుగు మాట విన్నవాళ్ళు లేరు. మడత నలగని చొక్కా, మడత నలగని తమిళం. ఆ మధ్య ఆయన చుట్టుపక్కల పాస్టర్లందరినీ మా చర్చిలో కూర్చోబెట్టి, ఈమధ్య దేవుడు మీతో ఏం మాట్లాడాడు అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకాయన కల వచ్చిందన్నాడు. ఇంకొకాయన వాక్యం దొరికిందన్నాడు. మా ఆయన వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. అలవాటు కొద్దీ తీసి, అందరి ముందూ "కాయిల్ కాలిపొయ్యె, మార్చాల" అన్నాడు.

పాస్టర్లందరూ పగలబడి నవ్వారు. తమిళ్‌సెల్వన్ అన్న నవ్వలేదు. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, పని చెయ్యడం తప్పు కాదు తమ్ముడూ, కానీ నిన్ను పిలిచినవాడి మాట వినే తీరిక నీకు ఉందా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే మా ఆయనకి లోపల దిగిపోయింది. ఆ రోజు పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

కొన్నాళ్ళకి ఒక బుధవారం నాతో అన్నాడు. "పంకజం, నేను పాస్టర్ కాదు. మోటారు మెకానిక్ని. పిలుపు అని నేనే అనుకొంటినేమో. రేపటినుంచి శనివారం సాయంత్రం వరకు ఉపవాసం కూర్చుంటా. దేవుడు నాతో ఒక్క మాట మాట్లాడితే సరి. లేదంటే శనివారం తమిళ్‌సెల్వన్ అన్నకి ఫోన్ చేసి, వేరే ఎవరినన్నా పంపమంటా. నాయుడు ఎప్పటినుంచో తోటకి రమ్మంటా ఉండాడు."

నేను సంతోషించాలి నిజానికి. ఈ పాస్టర్ పని మానెయ్యమని తలకాయ తిన్నదాన్ని నేనే. తోటలో ఉద్యోగమైతే నెల తిరిగితే జీతం, చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చేస్తాడు. కానీ ఆయన ముఖం చూస్తే నాకు సరే అనబుద్ధి కాలేదు. మోటార్ల దగ్గరికి తిరిగిపోతే ఆయన బాగానే బతుకుతాడు. దేవుడు నన్ను పిలవనే లేదు, నేనే పొరపడ్డాను అనుకుంటూ బతుకుతాడు. ఆ మనిషికి రోజూ అన్నం వడ్డించడం నావల్ల కాదనిపించింది.

"చర్చికి బయటనుంచి తాళం వెయ్యి" అన్నాడు. "తాళంచెవి, ఫోను నీ దగ్గరే పెట్టుకో. ఎవరు వచ్చినా తియ్యద్దు. నేనే తట్టినా తియ్యద్దు."

ఆ చివరి మాట ఎందుకు చెప్పాడో నాకు బాగా తెలుసు. ఎవరైనా "పాస్టరూ" అని కేకేస్తే ఆయన కాళ్ళు ఆయన మాట వినవు. గురువారం పొద్దున తాళం వేసి చెవి కొంగున ముడేసుకున్నాను. నీళ్ళకుండ లోపల ఉంది, మూలన మరుగుదొడ్డి ఉంది, ఇంక ఆయనకీ దేవుడికీ మధ్య ఎవరూ లేరనుకున్నాను.

తాళం వేసి ఇంట్లోకి వచ్చానో లేదో ఫోను మొదలైంది. పక్కవీధి ముత్తులక్ష్మికి రేషన్ మిషన్లో వేలిముద్ర పడటం లేదంట. పాస్టర్ వస్తేనే షాపువాడు ఇంకోసారి పెట్టనిస్తాడంట. సరేలే అని నేనే వెళ్ళాను. షాపువాడు, "పాస్టర్ యాడమ్మా" అన్నాడు. "దేవుడితో మాట్లాడతా ఉండాడు" అన్నాను. "ముగించినాక రమ్మను" అన్నాడు. అప్పుడు నేను మాట్లాడిన మాటలు పాస్టరమ్మ మాట్లాడదగ్గవి కావు. ముత్తులక్ష్మి వేలు తుడిచి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ తుడిచి పెడితే పడింది. ఇంత చిన్న పనికి ఆయన పొద్దంతా పోగొట్టుకునేవాడని నాకు మళ్ళీ కోపం వచ్చింది.

ఆ మధ్యాహ్నం అయ్యప్పన్ వాళ్ళింట్లో గొడవ. అయ్యప్పన్ మునిసిపాలిటీలో పని చేస్తాడు, వాడికీ వాడి పెళ్ళానికీ వారానికోసారి కొట్లాట లేకపోతే తోచదు. మా ఆయన వెళ్ళి ఇద్దరి మధ్యా కూర్చుని టీ తాగుతాడు, ఏమీ మాట్లాడడు, కాసేపటికి వాళ్ళే చల్లబడతారు. నాకు ఆ విద్య రాదు. వెళ్ళి ఇద్దరినీ కలిపి దులిపేశాను. వాడి తాగుడు, ఆవిడ నోరు, ఇద్దరి బద్ధకం, ఏదీ వదల్లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒకటై నా మీదికి వచ్చారు. "మా సంసారం సంగతి నీకెందుకి" అని అయ్యప్పన్ పెళ్ళాం నన్ను గడప దాటించింది. వెనక్కి చూస్తే వాడు ఆవిడకి మంచినీళ్ళు ఇస్తున్నాడు. సరే, పని అయింది కదా అనుకుని వచ్చేశాను.

శుక్రవారం ఇంకా అన్యాయం. హిందువుల వీధినుంచి నల్లసామి అన్న వచ్చాడు. మారియమ్మకి అంబలి పోసే రోజు అది. ఏటా మా చర్చి మైక్ సెట్టే తీసుకెళ్తారు, మేము క్రిస్మస్‌కి వాళ్ళ వంటపాత్రలు తెచ్చుకుంటాం. మైక్ సెట్టు చర్చిలో ఉంది. చర్చికి తాళం ఉంది.

"తాళం తియ్యి చెల్లీ, ఎత్తుకొని పోతా" అన్నాడు.

"తియ్యను. సాయంత్రం వరకు కాదు, రేపు సాయంత్రం వరకు తియ్యను."

"అమ్మోరు అప్పటిదాకా నిల్చుంటుందా?"

ఈ మాట లోపలికి వినపడింది. కిటికీ రెక్క తెరుచుకుంది. ఒక చువ్వ ఎప్పుడో ఊడిపోయిన కిటికీ అది. మా ఆయన ఉపవాసంతో పాటు మౌనం కూడా పట్టాడు కాబట్టి నోరు విప్పకుండా, ముందు ఆంప్లిఫయర్, తర్వాత మైకు, తర్వాత వైర్ల చుట్టా ఒక్కొక్కటే బయటికి అందించాడు. ఎర్ర వైరు ఎక్కడ పెట్టాలో వేళ్ళతో చూపించాడు. నల్లసామి అన్న అర్థం కాలేదన్నట్టు తల ఊపితే, ఇంకోసారి, ఈసారి కాస్త విసుగ్గా చూపించాడు. ఉపవాస జపంలో అమ్మవారికి మైక్ బిగించిన పాస్టర్ తమిళనాడు మొత్తంలో ఈయనొక్కడే అయ్యుంటాడు. కాసేపటికి నల్లసామి అన్న కృతజ్ఞతగా చెంబుడు అంబలి, నంజుకోవడానికి వడియాలు తెచ్చి అదే కిటికీలో పెట్టాడు. మా ఆయన ఆ చెంబు వంక చూసిన చూపు నేను చూశాను. చెంబు లాక్కుని నేనే తాగేశాను. మధ్యాహ్నం అన్నం వండుకోవడానికి నాకు తీరిక ఎక్కడిది?

అదే సాయంత్రం కాలనీ నీళ్ళ మోటారు ఆగిపోయింది. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళందరూ చర్చి గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒక్కళ్ళు కూడా నోరెత్తలేదు. బిందెలు మాత్రం కావాలని గట్టిగా కిందపెట్టారు. నేను మోటారు దగ్గరికి వెళ్ళి, మా ఆయనలాగే గొంతుక్కూర్చుని, చెయ్యి ఆనించి, "ఏమే తల్లీ" అని చూశాను. అది పలకలేదు. తర్వాత నా పద్ధతిలో తిట్టి చూశాను. అప్పుడూ పలకలేదు. తోట బావినుంచి మోసుకోవాల్సి వచ్చింది. రెండు బిందెలు తెచ్చేసరికి నా మోకాలు, పాత నొప్పి, లేచి కూర్చుంది. ఎవరికి చెప్పుకోను? ఆయన లోపల దేవుడి మాట కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు, నా మోకాలి మాట ఎవరిక్కావాలి?

కిటికీలోంచి తొంగిచూశాను. పీఠం ముందు చాప మీద మోకరించి ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. మోటారు చప్పుడు రావడంలేదని ఆయనకి తెలుసు, ఆ చెవి అలాంటిది. కానీ కదల్లేదు. సైగతో అడిగాను, ఏమైనా మాట వచ్చిందా అని. తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపడం చూసి, జన్మలో మొదటిసారి, దేవుడి మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

శనివారం పొద్దున చెల్లమ్మాళ్ అవ్వ వచ్చింది. ఈ ఊరి వీధులన్నీ ఊడ్చి ఊడ్చి నడుము వంగిపోయిన మనిషి. కడుపులో గడ్డ ఉందని మదురైలో ఆపరేషన్ చేస్తామన్నారు. ఆ రోజే వెళ్ళి చేరాలి. వెంట కోడలు దర్శిని, చేతిలో సంచీ, ముఖంలో కంగారు.

"అక్కా, బస్సు వచ్చేస్తుంది. ఈమె చూడు, రానంటుంది" అంది దర్శిని.

అవ్వ చర్చి మెట్టు మీద కూర్చుంది. "పాస్టర్ జపం చెయ్యకుండ నేను బస్సు ఎక్కను. కడుపు కోస్తారంట."

"నేను చేస్తాలే అవ్వా" అన్నాను.

"నువ్వొద్దు. నీకి కోపం ఎక్కువ. దేవుడు బెదిరిపోతాడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రం దాకా ఆగితే ఆయన లెక్క ఆయనకి తేలుతుంది. ఇప్పుడు కదిలిస్తే, నేనే చెడగొట్టానని రేపు నా మీద నాకే అనుమానం. కానీ అవ్వ రెండు చేతులతో మెట్టు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఊరంతా చీపురు పట్టిన చేతులవి. దేన్నీ అలా పట్టుకుని వేలాడటం నేను ఎప్పుడూ చూడలేదు. లేపి కిటికీ దగ్గరికి నడిపించుకుపోయాను.

మా ఆయన అప్పటికే కిటికీ దగ్గర ఉన్నాడు. అంతా విన్నాడు. కళ్ళు మూసుకుని, ఆ పీఠం గొంతు తీసి, తమిళంలో "అన్బుళ్ళ పరలోక పితావే, వానాదివానంగళిన్ ఆండవరే" అని మొదలుపెట్టాడు.

"నిల్లు జీవా" అంది అవ్వ. ప్రార్థన మధ్యలో పాస్టర్ని ఎవరైనా ఆపడం నేను చూడలేదు. "ఆ పెద్ద మాటలు ఆదివారానికి పెట్టుకో. నాకి బయంగ ఉండాది నాయనా. ఆ మాటల్లో నా బయం లేదు. మోటారు దగ్గర కూర్చొని మాట్లాడతావే, అట్ల చెప్పు ఆయనకి."

మా ఆయన ఎన్ని సభల్లో ప్రార్థన చేశాడో, ఎంతమందిని ఏడిపించాడో, అలాంటి మనిషి తల్లి నేర్పిన మాటల్లో దేవుడితో ఏమనాలో తెలియక నిలబడిపోయాడు. దూరంగా బస్సు హారన్ వినిపించింది. అప్పుడు కిటికీ చువ్వల మధ్యనుంచి చెయ్యి చాపి, అవ్వ తల మీద అరచెయ్యి ఆనించాడు. మోటారు మీద ఆనించినట్టే.

"సామీ" అన్నాడు. "సామీ, ఈ అవ్వకి బయంగ ఉండాది. ఇది ఎప్పుడూ నిన్ను ఏమీ అడగలే. ఇప్పుడు అడగతా ఉండాది. నువ్వు బస్సులో దీని పక్కన కూర్చో. ఆడ కత్తి పట్టుకొనే డాక్టరు పక్కన నిల్చో. మత్తులో పండుకొని ఉన్నప్పుడు యాడికీ పోవద్దు, సరేనా. ఇది కళ్ళు తెరిచినప్పుడు నువ్వు ఆడనే ఉండాల."

అవ్వ కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమెన్ అనబోయాను. ఆయన ఇంకా ఆపలేదు.

"ఇంకొకటి సామీ. మా ఆడది, పంకజం. దానికి మోకాలు నొప్పి. నాతో చెప్పదు. చర్చిలో లేచేటప్పుడు గోడ పట్టుకొంటుంది, నేను చూసినా. నాకోసరం ఊరంతా నడిచె. నేను దానికి ఏమీ చెయ్యలే. నువ్వన్నా చూడు." రెండో చేత్తో కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "నాకి నువ్వు ఏమీ చెప్పద్దులే సామీ. నీ మాట వస్తాదని చెవి పెట్టుకొని కూర్చుంటి. ఇన్నేండ్లలో నేనే నీతో ఒక్క మాట మాట్లాడలే, ఇప్పుడే తెలిసె."

నేను గోడ పట్టుకున్నాను. ఆదివారం ఆదివారం ఆయన పీఠం మీదనుంచి నా కోసం తమిళంలో ప్రార్థన చేస్తూనే ఉన్నాడు, "అడియేనిన్ మనైవి", అంటే నీ దాసుడి భార్య, అంటూ. అది ఎవరో గొప్పింటి ఆవిడ గురించి అనుకునేదాన్ని. నా గురించే అని ఆ రోజు తెలిసింది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "పద కోడలా" అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తాళం తియ్యి పంకజం. నేను వచ్చేసరికి మోటారు నడవాల."

తాళం తీశాను. ఆయన బయటికి వచ్చి, గ్లాసుడు మజ్జిగ తాగి, తిన్నగా మోటారు దగ్గరికి వెళ్ళాడు. "ఏమే, అలిగితివా" అంటున్నాడు. కాసేపటికి నీళ్ళు వచ్చాయి. బిందెల చప్పుడు మళ్ళీ మామూలుగా అయింది.

నాకు మాత్రం సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఒకటే దడ. దీపాలు పెట్టే వేళకి ఆయన ఫోను తీసుకుని, చర్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ ఫోనుకి గ్రీజు పట్టి చెవి దగ్గర వినపడదు, స్పీకర్ పెట్టాల్సిందే. అందుకే అంతా నేనూ విన్నాను.

"అన్నా, దేవుడు ఏమి మాట్లాడె అని ఆ దినం అడిగితిరే" అన్నాడు. తమిళ్‌సెల్వన్ అన్నతో తెలుగులో మాట్లాడినవాడు లేడు. మా ఆయనకి ఆ ధ్యాసే లేదు. "ఆయన ఏమీ మాట్లాడలే అన్నా. నేనే మాట్లాడితిని. ఇంటి మాటల్లో. చెల్లమ్మాళ్ అవ్వకోసరం. ఇంక ఇట్లనే మాట్లాడతా. అది తప్పంటే చెప్పండి, వేరే ఎవరినన్నా పంపండి. తప్పు కాదంటే నేను ఈడనే ఉంటా."

ఫోను కట్ అయిందేమో అని నేను వంగి చూశాను. నంబరు వెలుగుతూనే ఉంది.

"జీవా" అన్నాడు తమిళ్‌సెల్వన్ అన్న. గొంతు ఆయనదే, మాట మాత్రం తెలుగు, కినత్తుకడవు కొబ్బరితోటల్లో తిరిగే పిల్లాడిది. "మా అమ్మ పోయినంక నాకోసరం ఎవరూ దేవుణ్ణి ఆ మాటల్లో అడగలేదబ్బా. నాకి కూడ ఒకతూరి చెప్పు."

మా ఆయన ఫోను మీద అరచెయ్యి ఆనించాడు. "సామీ, ఈ అన్న ఒంటరిగ ఉండాడు" అని మొదలుపెట్టాడు. మధ్యలో ఇంకో కాల్ వస్తున్నట్టు ఫోను కిచకిచలాడింది. చూస్తే దురైసామి నాయుడుగారు, తోటలో మోటారు ఆగి ఉంటుంది. నేనే వేలు పెట్టి ఆ కాల్ కట్ చేశాను. మోటారు కాసేపు ఆగుతుంది.

అంతా అయ్యాక కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కాసేపు తిప్పి చూసి, మళ్ళీ నాకే ఇచ్చాడు.

"నీ దగ్గరే ఉండనీ. ఇంకోతూరి ఉపవాసానికి కావాల గదా."

"కావాల" అన్నాను. "ఈసారి లోపల నేను కూర్చుంటా. ఫోను పట్టుకొని నువ్వు బయట ఉండు."